తెర ముందు దిష్టి

చంద్రుడి మీద మా ఆయన పెంచలయ్య పనిచేసే శిబిరంలో గాలి యంత్రం ఆగిపోయిందని పొద్దున కబురొచ్చింది. పక్కనే పోటీ దేశం శిబిరం ఉంది కానీ, రెండు దేశాలకూ మాటల్లేవు. సూళ్లూరుపేటలో పాపను చంకనేసుకుని నేను తెర ముందు నుంచి కదల్లేదు.

మధ్యాహ్నానికి ఆయన కనిపించాడు. ఒంటి మీద పరాయి దేశం చొక్కా ఉంది.

"వీళ్లే తలుపు తీసినారు మే. అడిగితే పైవాళ్లు వద్దంటారని అడగనే లేదంట. ఈ షియూ అనే పిల్లే నన్ను లోపలికి లాగింది," అంటూ పక్కనున్న అమ్మాయిని చూపించాడు.

"ముందు వాడికి దిష్టి తియ్యి," అంది నా పక్కనే కూర్చున్న మా అత్త ఏడుస్తూనే.

గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టి తెర ముందు తిప్పాను. "నా దిష్టి, నీ దిష్టి, ఊళ్లోవాళ్ల దిష్టి..." తర్వాత ఇరుగుపొరుగు దిష్టి అనాలి. నోరు రాలేదు. ఆ పొరుగు పిల్ల మా పాపను చూసి నవ్వుతోంది.

"ఆపినావేందే?" అంది అత్త.

"ఇరుగుపొరుగును వదిలేస్తున్నానత్తా. ఏమయ్యా, ఆ పిల్లను నీ పక్కన కూర్చోమను. ఇద్దరికీ కలిపి తీస్తా."

అత్త కళ్లు తుడుచుకుని, ఇంకో గుప్పెడు ఉప్పు తేవడానికి లేచింది.