వంకర మూల

"అన్ని నీళ్లు పోస్తే అది కాంక్రీటు కాదు, జావ," అన్నాడు పక్కింటి యోంగ్‌మాన్, గోడ మీంచి తొంగిచూసి.

"నీ ఇంటికి కాదుగా అన్నా," అన్నాడు డోక్సూ, పార ఆపకుండా.

కొడుకు పెళ్లిలోగా వెనకవైపు ఒక గది కలపాలని, పెరట్లోని కిమ్చీ పచ్చడి జాడీలు జరిపించి మరీ పునాది తవ్వాడు.

యోంగ్‌మాన్ పెరట్లోంచి గోడ దాటి ఇటు వాలిన రేగుచెట్టు గురించి ఇద్దరికీ ఏటా తగువే. రాలిన ఆకులు ఊడ్చలేక, కొట్టేస్తానని డోక్సూ కేకలేస్తాడు.

యోంగ్‌మాన్ ఉండబట్టలేక ఇటు వచ్చి పార లాక్కున్నాడు. ఇంకాస్త సిమెంటు, ఇసుక, కంకర వేసి తిరగేశాడు. తట్ట ఎత్తి పునాదిలో పోయబోతూ ఆగాడు.

"ఈ మూలేంటి, వంకరపోయింది? దారం కట్టలేదా?"

"కట్టాను. మీ చెట్టు వేరు అడ్డొచ్చింది."

"నీ స్థలంలోకొస్తే నరికెయ్యాల్సింది."

"నరికేస్తే, పెళ్లిలో కోడలి ఒళ్లో పోసి దీవించడానికి రేగుపళ్లు ఎవరిస్తారు? బజారువి పోస్తే పిల్లలు పుడతారా?"

యోంగ్‌మాన్ తట్ట దించి గునపం అందుకున్నాడు.

"ఇంకో జానెడు వంచు. వేరు లావెక్కుతుంది. రేపు నీ మనవళ్లకి పెళ్లిళ్లు చెయ్యవా?"