బన్నుల బండి

“బండి మళ్ళీ జరిగిందే!”

ఇంటర్వెల్ గంట కొట్టగానే గేటు దాకా వచ్చిన నిదానం నెత్తి కొట్టుకుంది. నడకను చూసి బడంతా ఆ అమ్మాయికి పెట్టిన పేరది. నిన్న మందుల షాపు ముందున్న బన్నుల బండి ఇవాళ పోస్టాఫీసు మలుపులో ఉంది. ఇంటర్వెల్ పది నిమిషాలే.

నిదానం పరుగెత్తింది.

“ఏం బాబాయ్, రేపు పక్కూళ్ళో పెడతావా?” అంది రొప్పుతూ.

“అక్కడ ఎండ కొడుతోందమ్మా” అన్నాడు బన్నుల బాబాయి. ఆకాశం నిండా మబ్బులున్నాయి.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర డ్రిల్లు మాస్టారు.

“మళ్ళీ ఆ బన్నులేనా? ఆ బండి కంటపడనీ, చక్రాలు ఊడదీస్తాను!” అంటూ గడియారం చూసుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

పాపం, ఆయన బాధ ఆయనది. ఆటస్థలంలో కొత్త గదులు కడుతున్నారు. ఎటు చూసినా ఇటుకలు, ఇసుక. పరుగెలా తీయాలో ఆయన బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నారు. “ఈసారి బడుల మధ్య పరుగు పందెంలో మనకు పతకం రాకపోతే డ్రిల్లు పీరియడ్ లెక్కలకిచ్చేస్తా” అని పెద్ద టీచరు తేల్చేసింది. అది విన్నప్పటి నుంచీ నిదానానికి అన్నం సయించడం లేదు. బన్ను మాత్రం సయిస్తోంది. ఉన్న లెక్కల పీరియడ్‌కే ప్రాణం తోకకొస్తోంది, ఇంకొకటా!

బండి పోస్టాఫీసు దాటింది. పిండిమర పక్కకు చేరింది. “ఇక్కడ గాలి బాగుందమ్మా” అన్నాడు బాబాయి, పిండిలో మునిగి తుమ్ముతూ.

పందేనికి పేరివ్వమంటే ఒక్కరూ లేవలేదు. మాస్టారు వేలు నిదానం వైపు తిరిగింది. క్లాసంతా గొల్లుమంది.

“నేనా సార్? నా నడకే అంతంతమాత్రం!”

“లెక్కలు చేస్తావా, పరుగెత్తుతావా?”

పందెం రోజున గంట మోగింది. ఇంటర్వెల్ అనుకున్నాయో ఏమో, కాళ్ళు వాటంతటవే లేచాయి. గీత దాటి వెనక్కి చూస్తే మిగతావాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు.

“డ్రిల్లు పీరియడ్ ఉంటుంది. వచ్చే నెల ఇంతకన్నా పెద్ద పందెం” అంది పెద్ద టీచరు, పతకం మెడలో వేస్తూ.

సాయంత్రం ఆ పతకం బాబాయికి చూపిద్దామని వెళ్ళి నిదానం ఠక్కున ఆగిపోయింది. బండి చక్రం మీద మాస్టారు చెయ్యి! ఎదురుగా బాబాయి చేతులు నలుపుకుంటున్నాడు. అయిపోయింది, ఊడదీసేస్తారు! అడ్డుపడదామని గబగబా దగ్గరికి వెళ్ళేసరికి బాబాయి మాట వినపడింది.

“రేపు బండి ఎక్కడ పెట్టమంటారు మాస్టారూ?”