ఉత్తుత్తి ఆఫీసరు

మా తమ్ముడు సూర్య పెళ్లాం రేణుకి విదేశంలో లెక్కల టీచరు ఉద్యోగం దొరికింది. కాగితాలన్నీ సిద్ధం. రేపు చెన్నైలో వీసా ఇంటర్వ్యూ. మూడేళ్ల గడువు అయ్యాక తిరిగొస్తుందని ఆఫీసరు నమ్మకపోతే ఉద్యోగం పోయినట్టే.

అలవాటవుతుందని బాగలూరులో వాళ్లింట్లో నేనే కాలు మీద కాలేసుకుని ఆఫీసరునయ్యాను. నాకు ఇంగ్లీషు రాదు, దబాయింపు వచ్చు.

“ఆడ్నే ఉండిపోవని ఏం గ్యారంటీమ్మా?”

“ఎట్ల ఉంటాను సార్? అత్తకు నేనే నీళ్లు పోయల్ల. మామకు నేనే తినిపించల్ల. ఆవులకు నేనే పాలు పిండల్ల. మా ఆయనకు సాక్సులు కూడా నేనే యెతికియ్యల్ల.”

సూర్య తొడ చరిచాడు. “సూపరుగా చెప్పినావు! ఇంటితో ఇన్ని కట్లుంటే వీసా ఇయ్యకుండా ఉంటారా, అన్నా?” అని ఫోన్లో పడ్డాడు.

నేను వదల్లేదు. “సరే, ఆడ పొద్దున లేస్తానే ఏం చేస్తావు?”



“కాఫీ పెట్టుకుంటాను సార్. ఒక్క కప్పే.”

ఆమె ముఖం అంతగా వెలగడం పెళ్లిలో కూడా నేను చూడలేదు.

ముందుకు వంగి మెల్లగా చెప్పాను. “ఆపీసరు ముందర మాత్రం ఇట్ల నవ్వొద్దమ్మా. తిరిగి రావని తెలిసిపోతాది.”