పద్నాలుగు పేర్లు

సాజియా ఒకటే షరతు పెట్టింది.

"వస్తా. గానీ నన్నెవరూ ఎత్తగూడదు."

"ఛ ఛ, ఎవురెత్తుతారమ్మా," అన్నాడు గ్రంథాలయ కమిటీ కార్యదర్శి సుధీర్.

కోయిలకుంట్లకు అవతల ఒక పల్లె. అక్కడి గ్రంథాలయం దగ్గర ప్రారంభోత్సవం. ఉద్యోగ పరీక్షకు చదివే సాజియా రోజూ చక్రాల కుర్చీలో అక్కడి దాకా వస్తుంది. నాలుగు మెట్ల కింద ఆగిపోతుంది. లోపలి నుంచి పుస్తకం తెచ్చిచ్చేవాళ్ళకు ఎంత తీరికుంటే ఆ రోజు అంత చదువు. అలాంటి మనిషి చేత తెర లాగించాలనుకోవడం కమిటీ పెద్ద మనసు.

పదింటికన్నారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చాడు. అప్పటిదాకా సాజియా ఎండలో ఉంది. షామియానా కింద ఖాళీ లేదు మరి.

"ఆత్మగౌరవానికి మారుపేరు, మన సాజియా," అని సుధీర్ మైకులో అంటుండగానే నలుగురు కార్యకర్తలు ఆమె కుర్చీని పట్టేసుకున్నారు.

"దించండప్పా. పక్కకు బోండి, నేనే ఎక్కుతా."

"టయిం ల్యాదు పాపా. ఏం బరువు లేవులే," అన్నాడు వాళ్ళలో ఏసేపు. ఆమె బాధంతా బరువు గురించేననుకున్నాడు పాపం.

కుర్చీ గాల్లో ఒరిగింది. ఎవరి చెయ్యో నడుం మీద పడింది. దుపట్టా జారింది. ఫొటో సరిగ్గా రాలేదని దించి మళ్ళీ ఎత్తారు. అవమానంతో సాజియా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలని మైకులో ప్రకటించారు.

పైన దించాక, వరండా అంచున నిలబెట్టిన రాయి మీది తెరను సాజియా లాగింది. నున్నగా మెరిసే కడప రాయి. ఆరడుగుల వెడల్పు. పద్నాలుగు మంది పెద్దల పేర్లు పట్టాలి కదా. అందరూ తమ పేరు వెతుక్కుని చప్పట్లు కొట్టారు.

సాజియా ఒక్కతే రాయి వెనక్కి తొంగి చూసింది.

అతిథి కారెక్కాడు. నలుగురూ మళ్ళీ కుర్చీ మీద చేతులేశారు.

"ముట్టుకోగాకండి. నేనే దిగుతా."

సుధీర్ నవ్వాడు. "యాడ్నుంచి దిగుతావమ్మా? మెట్లే గదా ఉండేది. మోసేదానికి మేం ల్యామా?"

పద్నాలుగు పేర్ల ఆ రాయిని వాళ్ళు నిలబెట్టింది, మూడేళ్ళు అర్జీలు పెట్టి సాజియా సాధించుకున్న, ఆ పూటే ఆమె చేత్తో ప్రారంభమైన ర్యాంపుకు సరిగ్గా అడ్డంగా.