మంగతాయారు వడ్డన

పెళ్లిలో వడ్డించేవాళ్లనూ, పాడె మోసేవాళ్లనూ కూడా, ఏ పనికైనా మనుషుల్ని పోగుచేసే జట్టుయంత్రమే వెతికిపెట్టే రోజులవి. ఇక ఆన్‌లైన్ ఆటలో కొండరాక్షసుడి మీదికి నలభై మందిని పోగెయ్యడం దానికో లెక్కా? ఎవరి పేరు ఎవరికీ తెలియదు, ఎవరూ నోరు విప్పరు. ఓడిపోగానే ఎవరి దారి వారిది. అందుకే ఆ రాక్షసుణ్ణి ఇంతవరకూ ఏ జట్టూ కూల్చలేదు.

తణుకులో ముప్పయ్యేళ్లు పెళ్లి వడ్డనలు చేయించిన మంగతాయారు ఆ ఆటలో వైద్యురాలు. దెబ్బతిన్నవాళ్లకి ప్రాణం పోయడం ఆమె పని. ఆ మధ్యాహ్నం పదకొండోసారి కూడా జట్టు కుప్పకూలబోతుంటే ఆమెకి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని మైకు నొక్కింది.

"వైద్యులు పదిమందీ ఒక్కడి మీదే పడతారేంటయ్యా? ఒకే విస్తట్లో పది గరిటెల నెయ్యి పోస్తామా? తలా నలుగుర్ని పంచుకోండి. ఎవరి విస్తరీ ఖాళీ అవ్వకూడదు!"



"కుడి వరస నేను చూస్తానండి," అందొక ఆడగొంతు.

"ఎడమ నాదండి," అన్నాడు ఇంకొకాయన.

పావుగంటకి కొండరాక్షసుడు బోర్లాపడ్డాడు. నలభై మందిలో ఒక్క ప్రాణమూ పోలేదు. చెవుల్లో కేరింతలు హోరెత్తాయి.

తెర మీద యంత్రం అలవాటుగా అడిగింది: "జట్టు రద్దు చేసి కొత్తవాళ్లను వెతకమంటారా?"

"ఎవరూ లేవకండి!" అని కేకేసింది మంగతాయారు. "భోజనాల బంతి మధ్యలో లేస్తారా ఎవరైనా? ముందు వరసగా మీ పేర్లు చెప్పండి."

పేర్లు మొదలయ్యాయి. యంత్రం అడిగిందే అడుగుతోంది. ఒక్కరూ లేవలేదు.