మిట్టమధ్యాహ్నపు సముద్రం

నా పద్నాలుగో ఏట ట్యూనిస్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ ఉత్తరం నేనే విప్పాను. నాకు అన్నయ్య జబ్బు లేదట.

అన్నయ్య అనీస్‌కు ఎండ తగిలితే చర్మంలో డీఎన్ఏ దెబ్బతింటుంది, మళ్లీ బాగుపడదు. ముక్కు మీద అప్పటికే రెండు కేన్సర్ కోతలు. ఆ భయంతోనే అమ్మ నన్నూ తెరల వెనకే పెంచింది.

"ఏమే గబ్బిలం, ఏం రాశారు?" అన్నాడు.

"నేనూ గబ్బిలాన్నేనట" అన్నాను, తనను ఒంటరిగా వదల్లేక.

నవ్వుతాడనుకున్నాను. మొహం తిప్పుకున్నాడు.

"మిట్టమధ్యాహ్నం మన సముద్రం ఏ రంగులో ఉంటుందో నువ్వైనా చూసొచ్చి చెప్తావనుకున్నానే."

మర్నాడు నిజం చెప్పేద్దామనుకున్నాను. పాతికేళ్లు అన్నయ్యకు గానీ, అమ్మకు గానీ చెప్పడానికి నోరు రాలేదు. తెరల వెనకే ఉండిపోయాను. అది ప్రేమో, పిరికితనమో.

నిన్న అన్నయ్యను మట్టిలో పెట్టారు. ఇవాళ మిట్టమధ్యాహ్నం ఒడ్డున నిల్చున్నాను.

దగ్గర ఆకుపచ్చ, దూరంగా నీలం, అన్నయ్యా.