జక్రయ్య గురి

“కంపెనీలో చేసిన తుపాకీ చెక్కని ఉప్పుకాగితం పెట్టి రుద్దుతావా కొండమ్మా? మిలిటరీలో చేసిన మీ ఆయనే దాని మీద చెయ్యి వెయ్యలేదు!” పక్క చేను చెంచురామయ్య గట్టు మీదినుంచే కేకేశాడు.

“ఆయన చేసిన తప్పు అదేనండి. ఇచ్చిన తుపాకీని సిపాయి చెక్కకూడదనేవారు.”

“గురి తప్పేది తుపాకీ కాదులే, మనిషి. అందుకేగా టీ కొట్టులో జక్రయ్యని గాలి సిపాయి అన్నాం! ఆయన పోయాక ఆ లైసెన్సు నీకెందుకు? స్టేషన్లో ఇచ్చెయ్యి. చేలో పడే అడవిపందుల సంగతి మేం చూసుకుంటాం.”

కొండమ్మ తల ఎత్తలేదు. “వానాకాలం మా వంటింటి తలుపు ఉబ్బి పట్టేస్తుందండి. ఈ చెక్కా అంతే. ఉబ్బి గొట్టాన్ని పక్కకి నెడుతోంది. గురి తప్పేది అందుకే.”

గొట్టానికీ చెక్కకీ మధ్య కాగితం ముక్క దూర్చి లాగింది. పొద్దున సగంలో ఆగిన కాగితం ఈసారి చివరిదాకా జారింది.

మట్టికట్టకు వేలాడదీసిన ఖాళీ మిరపకాయల గోతం మీద బొగ్గుతో సున్నా గీసి ఉంది. ఆమె వంద గజాలు వెనక్కి నడిచి, బోర్లా పడుకుని ఐదుసార్లు కాల్చింది.

చెంచురామయ్య వెళ్లి చూశాడు. ఐదు చిల్లులూ అతని అరచేతి కింద దాగిపోయాయి.

“అయితే ఇరవై ఏళ్లూ మనం నవ్వింది తుపాకీ తప్పుకా?”

“మనం కాదండి. మీరు.” గోతం తీసి అతని భుజాన వేసింది. “ఆ పేరు పెట్టిన టీ కొట్టులోనే దీన్ని పరిచి చూపించండి. నాకు గురి నేర్పిందెవరని అడుగుతారు.”

“ఏం చెప్పను?”

పెళ్లయిన నాటినుంచి నోట పలకని మొగుడి పేరును కొండమ్మ ఊరికి వినపడేలా పలికింది.

“జక్రయ్య!”